డొక్కలు కనబడని పటాలు

నేను కరువు చూడడానికి వెళ్లాను. ఇలా రాస్తే ఏదో తిరునాళ్లకు వెళ్లినట్టు ఉంటుందని తెలుసు. కానీ ఉన్నమాట అదే. మద్రాసులో ఒక వారపత్రిక నడిపే సంపాదకుడు నన్ను పిలిపించి, "కర్నూలు, కడప జిల్లాల్లో జనం గంజి కేంద్రాల మీద బతుకుతున్నారు. ఫోటోలు తెచ్చిపెట్టు. డొక్కలు కనబడాలి సుమా. డొక్కలు కనబడకపోతే మన పాఠకులు జేబులో చెయ్యి పెట్టరు" అన్నాడు. మాట మొరటుగానీ మనిషి మంచివాడు. వచ్చిన చందాలన్నీ కరువు నిధికే పంపేవాడు.

నాకు తెనాలిలో చిన్న ఫోటో స్టూడియో ఉంది. వచ్చినవాళ్లు తొడుక్కోవడానికని ఒక నల్లకోటు, ఒక చేతిగడియారం అక్కడ ఎప్పుడూ ఉంచుతాను. గడియారం నడవదు. అయినా ఫోటోలో అందరికీ అది కనబడాల్సిందే. ఇన్నేళ్లుగా నా పని మనుషుల్ని ఉన్నదానికంటే బాగా చూపించడం. ఇప్పుడు ఉన్నదానికంటే అధ్వాన్నంగా చూపించమంటున్నారు. దీపం కాస్త పక్కకు జరిపితే సరిపోతుందిలే అనుకుని బయలుదేరాను.

"ఆ దేశంలో నీళ్లు పుట్టవట" అని మా ఆవిడ మట్టికూజా నిండా నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. గుంటూరు నుంచి నల్లమల అడవి దాటేదాకా దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నంద్యాల స్టేషన్‌లో దిగుతుంటే నా కెమెరా ముక్కాలిపీటే తగిలి కూజా పగిలింది. ప్లాట్‌ఫారం మీద జామకాయలు అమ్ముకునే ఆవిడ నా వాలకం చూసి నవ్వి, తన ముంతలో నీళ్లు నా దోసిట్లో పోసింది. అక్కడ మొదలు, తిరిగి వచ్చేదాకా నేను ఏ ఇంటి గడప తొక్కినా ముందు నీళ్లే ఇచ్చారు. నీళ్ల మధ్య పుట్టిన మేము మాత్రం వచ్చినవాళ్లను ముందు పనేమిటని అడుగుతాం.

కర్నూలు

కర్నూల్లో పొద్దున హోటల్లో ఉగ్గాని పెట్టారు. బొరుగులు తడిపి, పిండి, తాలింపు వేస్తారు. మా వైపు మరమరాలంటే పిల్లలు బుక్కే చిరుతిండి, ఇక్కడ అది పెద్దల ఫలహారం. పక్కన మిరపకాయ బజ్జీ. మొత్తం రెండణాలు. గుంటూరు కారం తిన్నవాణ్ణని ధీమాగా ఒక బజ్జీ కొరికాను. కళ్లవెంట నీళ్లు ధారకట్టాయి. డబ్బులు ఇవ్వబోతే హోటలాయన చెయ్యి అడ్డం పెట్టి, "దుడ్లకేం తొందర సార్, ముందు నీళ్లు తాగండి. ఇది మా పిల్లోళ్లు తినేది" అన్నాడు.

తుంగభద్రలో ఇసుకే ఎక్కువ. ఆడవాళ్లు చెలమలు తవ్వి, చిప్పతో నీళ్లు తోడి బిందెల్లో పోసుకుంటున్నారు. దాన్ని చూసి నా మనసేమీ కరగలేదు. ఇసుక తెలుపు ఎంత, నీడ నలుపు ఎంత అని లెక్కలు వేసుకున్నాను.

మధ్యాహ్నం ఊరి చివర గంజి కేంద్రానికి వెళ్లాను. పొడవాటి వరస, గిన్నెలు, ఎండ. సంపాదకుడు అడిగింది అచ్చంగా అదే. చెట్టు చాటున కెమెరా నిలబెట్టాను. వరసలో ఒకామె నన్ను చూసి పక్కామెకు చెప్పింది. ఆ మాట నోటినోటా వరస చివరికంటా పాకింది. అందరూ ఒక్కసారిగా నాకు వీపు తిప్పి నిలబడ్డారు. తిట్టలేదు, రాయి విసరలేదు, వీపు తిప్పారంతే. నేనూ మొండివాణ్ణే. ఒక ఫిల్ము రోలు మొత్తం ఆ వీపులే తీశాను.

బస్సులో

కడప బస్సు బొగ్గు కాల్చుకుంటూ నడుస్తుంది. ఎత్తు వచ్చినచోటల్లా మనం దిగి నడవాలి. వెనక సీట్లో ఒక తాతకు నా సంచీ మీద మహా కుతూహలం. ఆళ్లగడ్డ దాటాక నాకు కునుకు పట్టింది. లేచి చూస్తే ఆ తాత నా రోలు విప్పి, పూర్తిగా సాగదీసి, ఎండకు పట్టి చూస్తున్నాడు.

"ఏం లేవే దీంట్లో" అన్నాడు నిరాశగా.

ఇంకా కడగని ఫిల్ముకు వెలుతురు తగిలితే అంతే, కర్నూలు వీపులు ఆ విధంగా పోయాయి. నేను లబోదిబోమంటుంటే నా పక్కన కూర్చున్న పెద్దాయన కలగజేసుకున్నాడు. తెల్లటి తలపాగా, పంచె, చేతిలో ఎద్దుల మెడలో కట్టే గంటలు.

"ఏమప్పా, పటాలు తీసేటాయనవా? యాడికి పోతాండావు?"

కరువు ఫోటోల కోసం వచ్చానని చెప్పాను. ఆయన గంటలు ఒళ్లో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"ఐతే మా ఊరికి రా. మైదుకూరులో దిగి కొండలపక్క పోవాల. మా గంజి కేంద్రం నెలాఖరుకు మూసేస్తాండారు. పేపర్లో పటం పడితే నిలబడతాదేమో."

ఆయన పేరు ఓబుళరెడ్డి. మేత లేక తన ఎద్దుల్ని నంద్యాలలో అమ్మేసి వస్తున్నాడు. గంటలు మాత్రం అమ్మలేదట. కేంద్రం ఎందుకు మూస్తున్నారని అడిగితే కాసేపు నీళ్లు నమిలాడు.

"నా వల్లనే. పోయిన నెల కరువాఫీసరు చూసేదానికి వస్తాండాడని తెలిసె. ఊరికి పెద్దమనిషి వస్తాంటే ఊరకుండేది ఎట్లప్పా? వీధులు ఊడిపిస్తిమి. ఆడోళ్లు తలలు దువ్వుకొని వచ్చిరి. మెడలో దండ ఏయిస్తిమి. మా ఇంట్లో విత్తనాలకు పెట్టుకున్న కందులు తీసి ఓళిగలు, అదే మీ బొబ్బట్లు, చేయిస్తిని. ఆయన రెండు తినె. వద్దంటాన్నా మూడోది నేనే ఏయిస్తిని. చేతులు కడుక్కొని, 'మీ ఊరు నయం రెడ్డిగారూ, దీనికన్నా కష్టంలో ఉన్న ఊళ్లు శానా ఉన్నాయి' అనె. పోయి అట్లనే రాసె."

"మరి మీరు కరువని చెప్పలేదా?"

"చెప్తిమి. నోట్లో ఓళిగ పెట్టుకొని ఎవరు నమ్ముతారప్పా?"

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, కానీ అందరికంటే ముందు ఆపేశాడు.

కొండ కింద ఊరు

ఆ ఊరి పేరు రాయనని మాట ఇచ్చాను. కాలువ నీళ్లు అందని వైపు, కొండ మొదట్లో ఉంటుందని మాత్రం చెబుతాను. బావుల్లోకి తొంగి చూస్తే అడుగున ఉన్న రాళ్లు కనబడతాయి.

ఆ రాత్రి రెడ్డిగారింట్లో నాకు రాగిసంగటి, వేరుశెనగపప్పుతో నూరిన ఊరిబిండి పెట్టారు. సంగటిని నమలకూడదట, మింగాలి. నేను అన్నంలా నమిలి దవడలు నొప్పి పుట్టించుకున్నాను. రెడ్డిగారి భార్య తలుపు చాటునుంచి, "ఇంకొంచెం పెట్టించుకో అప్పా, నీకు మెతుకు లేకపోతే ముద్ద దిగినట్టు లేదు" అని బాధపడింది. రెడ్డిగారు మాత్రం నాతో కూర్చోలేదు. మధ్యాహ్నమే తిన్నానన్నాడు. మధ్యాహ్నం ఆయన నాతోపాటు బస్సులోనే ఉన్నాడన్న సంగతి ముద్ద మింగాక గుర్తొచ్చింది. ఆ తరువాత ముద్ద దిగడం నిజంగానే కష్టమైంది.

గంజి దగ్గర

మర్నాడు పొద్దున కేంద్రానికి వెళ్లాం. పందిరి కింద పెద్ద అండాలో జొన్నగంజి కాగుతోంది. సత్తుగిన్నెలు, ముంతలు పట్టుకుని జనం కూర్చున్నారు. నేను కెమెరా నిలబెడుతుండగానే గంజి కలుపుతున్న ముసలామె తెడ్డు పక్కన పెట్టి నా దగ్గరకు వచ్చింది. ఆమె పేరు సుందరమ్మ. భర్త పోయాడు. చర్చి వీధిలో కొడుకు కోడలితో ఉంటుంది. కేంద్రంలో వంట ఆమెదే.

"ఈడ వద్దు నాయనా."

"మీ మంచికేనమ్మా. ఇది పేపర్లో పడితే కేంద్రం మూయరు."

"మూయరేమో. అది పడిన పేపరు మా వియ్యంకులు చూస్తారు. రేపు నా మనవళ్లు చూస్తారు. మేము చెయ్యి చాపింది ఒక్క కరువులో. పటంలో ఐతే ఎప్పటికీ చాపుకొనే ఉంటాం గదా."

నాకు ఒళ్లు మండింది. ఇక మిగిలినవి రెండే రోలులు. ఎండ నడినెత్తికి వస్తే ముఖాలన్నీ గుంటలు పడతాయి. "మర్యాద మర్యాద అంటూ కూర్చుంటే ఓళిగల కథే మళ్లీ జరుగుతుంది" అని గట్టిగానే అన్నాను. రెడ్డిగారు తల దించుకున్నాడు. ఆమె మాత్రం చెక్కుచెదరలేదు.

"వీధికి రా. అందరం కుదురుగా నిలబడతాం. ఆకలి మొగంలో ఉంటే నీ పెట్టెకు కనబడదా?"

చర్చి గోడ

కూలీనాలీ చేసుకునేవాళ్ల వీధి అది. చివర సున్నం కొట్టిన చిన్న చర్చి. ఆ తెల్లగోడ ఎదుట కెమెరా నిలబెట్టాను. ఆ గోడ ఇచ్చినంత మంచి వెలుతురు మా స్టూడియోలో కొన్న దీపాలు కూడా ఇవ్వవు. ఆ మాట ఒప్పుకోవాలి.

ముందుగా సుందరమ్మ వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. నూనె రాసి దువ్విన తల, వెడల్పాటి అంచున్న నేతచీర. నాకు నీరసం వచ్చింది. డొక్కలేవి? కరువేది? మా తెనాల్లో పెళ్లికి వెళ్లే పెద్దావిడలా నిలబడింది. ఏం చేస్తాను, తీశాను.

రెండో మనిషి రావడానికి చాలా సేపు పట్టింది. రాహేలు అనే పడుచు. ఆమెదీ మంచి చీరే. మూడో ఆమెకు ఇంకా ఆలస్యమైంది. రెడ్డిగారికి ఓపిక నశించి, "పనికి కట్టుకుండే కోకల్లోనే రాండని నెత్తీ నోరూ కొట్టుకొని చెప్తిని గదా. మళ్లా సింగారాలేంది?" అని కేకలు వేశాడు.

గోడ పక్కనుంచి సుందరమ్మ గొంతు వినిపించింది. "ఆఫీసరుకు ఓళిగలు పెట్టింది ఎవరు రెడ్డీ?"

ఆయన తలపాగా సర్దుకుని పక్కకు జరిగాడు.

మూడో ఆమె నిలబడ్డాక కెమెరా అద్దంలోకి చూశాను. ఎడమ భుజం మీద, పైట మడతలో, ఒక కుట్టు. నిప్పురవ్వ పడి కాలినచోట దారంతో పువ్వులా కుట్టారు. ఆ పువ్వును అంతకుముందే చూశాను. సుందరమ్మ భుజం మీద చూశాను, రాహేలు భుజం మీద చూశాను. చీర మంచిదా కాదా అని చూశానేగానీ, చీర ఒకటేనని చూడలేదు. మనుషుల్ని నిలబెట్టి చూడడమే వృత్తిగా బతుకుతున్నవాణ్ణి నేను.

ఈ చీర ఎవరిదని అడిగాను. రాహేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సుందరమ్మ ఈసారి చిరుగుల చీరలో, రవికె మీద కొంగు కప్పుకుని ఇవతలికి వచ్చింది.

"నాదే. మా ఇంటాయన ఉన్నప్పుడు దూడనమ్మి పొద్దుటూరులో తెచ్చె. పెండ్లికి పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా ఈ వీధిలో అందరూ దీన్నే కట్టుకొని పోతారు. నేను కట్టింది తక్కువ."

"మిగతా చీరలు?"

"ఒక్కొక్కటే అమ్ముకుంటిమి. దీన్ని మాత్రం అమ్మొద్దని వీధంతా కూర్చొని అనుకుంటిమి. ఇది కూడా పోతే ఊరు దాటి పోయేది ఎట్ల?"

నేను వెతుకుతున్న కరువు పొద్దుటినుంచి నా ముందే నిలబడి ఉంది. అది సిగ్గుతో వంగి లేదు, తల దువ్వుకుని నిటారుగా ఉంది.

ఏం చేయాలో అప్పుడు తట్టింది. కానీ అడగకుండా చేస్తే కర్నూల్లో చెట్టు చాటున నిలబడ్డదానికీ దీనికీ తేడా లేదు. అందుకని వాళ్లందరినీ పిలిచి చెప్పాను. "అందర్నీ ఒకేచోట, ఒకేలా నిలబెట్టి తీస్తాను. పక్కపక్కన పెడితే చూసినవాళ్లకు చీర ఒకటేనని తెలిసిపోతుంది. మీకు ఇష్టమైతేనే."

వాళ్లు చర్చి మెట్ల మీద కూర్చుని చాలా సేపు మాట్లాడుకున్నారు. అందరికంటే రాహేలుకే ఎక్కువ దిగులు. "మా పుట్టినింటోళ్లు ఆ చీర నాదే అనుకుంటాండారు" అంది. "మావోళ్లూ అట్లనే అనుకుంటాండారు" అంది ఇంకొకామె. మెట్ల మీద నవ్వులు పుట్టాయి. ఆ నవ్వు ఆగాక సుందరమ్మ లేచింది.

"అడుక్కుతిన్యారని తెలిస్తే సిగ్గు. ఒకరికొకరు ఇచ్చుకున్యారని తెలిస్తే సిగ్గేముండాది? తియ్యి నాయనా."

మొదటి ముగ్గురూ నిలబడినచోటే బొగ్గుతో నేలమీద గీత గీశాను. కెమెరాను అంగుళం కదపలేదు. ఒకరి తరువాత ఒకరు అదే గీత మీద, అదే చీరలో నిలబడ్డారు. ఒకామెకు అది మడమలు దాటి నేలమీద జీరాడింది, ఇంకొకామెకు పిక్కల దాకే వచ్చింది. నిండు చూలాలు ఒకామెకు కుచ్చిళ్లకు చాలలేదు. ఎవరినీ నవ్వమనలేదు, ఏడవమనలేదు. ఆలస్యమైనప్పుడు విసుక్కోనూ లేదు. గోడవతల చీర చేతులు మారుతుంటే, జాగ్రత్త జాగ్రత్త అని మాటలు వినబడేవి.

చివరికి ఒక్క ఫోటోకు ఫిల్ము మిగిలింది. రెడ్డిగారిని అడిగాను. "నన్నేంటికి లేప్పా, దాచిపెట్టుకో" అన్నాడు. సరేనని దాచాను.

కడప

కడపలో ఒక స్టూడియో ఆయన తన చీకటిగది వాడుకోనిచ్చాడు. మిగిలిన ఆ ఒక్క ఫోటో ఫిల్ము ముక్కను చీకట్లోనే కత్తిరించి మళ్లీ కెమెరాలో పెట్టుకున్నాను. నా వృత్తివాడే కాబట్టి కాస్త అసూయగా, కాస్త మర్యాదగా ఉన్నాడు. ఫోటోలు తాడుకు వరసగా ఆరేసి, ఎలా ఉన్నాయన్నాను. "ఫోకస్ బాగుండాది. అన్నీ ఒకే రకంగా తీసినావు, మెళకువ లేదు" అన్నాడు. అప్పుడే ఆయన భార్య మాకు మజ్జిగ తెచ్చింది. గ్లాసులు ఇస్తూ తాడు వైపు చూసి ఆగిపోయింది.

"ఏమండీ, ఇంతమందికీ చీర ఒకటే" అంది. ఇంకాసేపు చూసి, "పాపం, ఎంత జాగ్రత్తగా కట్టుకున్యారో" అని కళ్లు తుడుచుకుంది. ఆయన మళ్లీ మొదటినుంచి ఒక్కొక్క ఫోటో చూశాడు. మెళకువ సంగతి ఇక ఎత్తలేదు.

ఆ ఫోటోలతో నేరుగా కరువాఫీసరు దగ్గరికి వెళ్లాను. రాక్షసుణ్ణి ఊహించుకుని వెళ్లాను. తీరా చూస్తే నాకంటే చిన్నవాడు, ఎండకు మాడిన మొహం, బల్ల నిండా అర్జీలు. ఫోటోలు వరసగా పరిచాను.

"వీళ్లు బాగానే ఉన్నారు కదండీ?" అన్నాడు.

"చీర చూడండి."

ఆయన వంగి చూశాడు. ఒక ఫోటో దగ్గర వేలు ఆగింది. అది రాహేలుది.

"ఈ కుట్టు నాకు గుర్తుంది. ఈమె నాకు దండ వేసేటప్పుడు సరిగ్గా నా కళ్లముందు ఉంది. ఇంత మంచి చీర కట్టుకున్నవాళ్లకు గంజెందుకని అప్పుడే అనుకున్నాను." ఫోటో మీదినుంచి వేలు తీసి, "మరి ఆ ఓళిగలు?" అని అడిగాడు.

"విత్తనాలకు దాచిన కందులవి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తరువాత కాగితం తీసుకుని, పంట చేతికొచ్చేదాకా కేంద్రం ఉంచాలని నా ఎదుటే రాశాడు. విత్తనాల సంగతీ కింద రాసుకున్నాడు. పై అధికారులకు చూపడానికి ఫోటోలు కావాలన్నాడు. ఒక సెట్టు ఇచ్చాను.

సంపాదకుడి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తరువాత నేను మద్రాసు వెళ్లి ఫోటోలు ఇస్తే, "డొక్కలేవయ్యా?" అని అరిచాడు. మర్నాడు రెండు పేజీల నిండా వరసగా వేసి, కింద 'చీర చూడండి' అని మాత్రం అచ్చు వేయించాడు. చందాలు బాగానే వచ్చాయి.

మళ్లీ కొండ కిందికి

ఎవరి ఫోటో వాళ్లకు ఇస్తానని మాట ఇచ్చాను కాబట్టి కడపనుంచి మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. కేంద్రం మూయరన్న మాట రెడ్డిగారికి ముందే చేరింది. ఎదురొచ్చి నా సంచీ లాక్కుని, "ఈతూరి ఓళిగలు లేవప్పా, సంగటే" అన్నాడు. "అదే పెట్టండి. మింగడం నేర్చుకున్నాను" అన్నాను.

సుందరమ్మ పందిరి కింద గంజి కలుపుతోంది. చిరుగులకు ముడులు వేసిన చీర కట్టుకుంది. ఆమె ఫోటో చేతిలో పెట్టాను. దూరంగా పట్టుకుని చూసుకుంది, తరువాత మిగతావాళ్లవన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఇన్ని తూర్లు పటం దిగింది నా చీర. నేను దిగింది ఒక్కతూరే" అని నవ్వింది.

"ఇంకొక్క ఫోటోకు ఫిల్ము ఉందమ్మా. మీదే తీస్తాను. చీర కట్టుకురండి."

"రాహేలు కట్టుకొని రాయచోటికి పెండ్లికి పోయింది. రేపొస్తాది."

"రేపటిదాకా ఉంటాను."

ఆమె అండా వైపు, గిన్నెలు పట్టుకుని కూర్చున్నవాళ్ల వైపు చూసింది. తరువాత నన్ను చూసింది.

"వద్దు. ఇప్పుడే తియ్యి, ఈడనే."

"గంజి దగ్గర వద్దన్నారు కదమ్మా?"

"ఆపొద్దు నువ్వెవరో నాకు తెలియదు."

కెమెరా బయటికి తీశాను. ముక్కాలిపీట సరిగా నిలబడేదాకా ఆమె ఓపిగ్గా ఆగింది. చీర సర్దుకోలేదు, తల దువ్వుకోలేదు. తెడ్డు అండాలోనే ఉంచి, నావైపు సూటిగా చూసింది. తీశాను. ఆ ఫోటో పత్రికకు ఇవ్వనని చెప్పాను. ఆ సంగతి తనకు తెలుసన్నట్టు తల ఊపి మళ్లీ గంజి కలపసాగింది.

నేను బయలుదేరుతుంటే వెనకనుంచి పిలిచింది.

"ఇది కూడా పంపించు నాయనా. రెండూ ఒకే అద్దంలో పక్కపక్కన కట్టించి పంపు. చూసినోళ్లకు తెలియాల, రెండూ నేనేనని."

అలాగే కట్టించి పంపాను.